భత్యం మీద బేరం, జీతం కోసం వలస

2016 ఫిబ్రవరిలో 28 దేశాల అధినేతలు బ్రస్సెల్స్‌లో రెండు రోజులు తలుపులు వేసుకుని కూర్చున్నారు. సిరియా శరణార్థులు గ్రీసు దీవులకు పడవల్లో కొట్టుకొస్తున్న రోజులవి. అలాంటి సమయంలో ఆ సభలో గంటలకొద్దీ నలిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? లండన్‌లో ఇటుకలు పేర్చే పోలండ్ తాపీమేస్త్రీ సొంతూళ్లో వదిలి వచ్చిన బిడ్డకు బ్రిటన్ ప్రభుత్వం అందరి పిల్లలతో సమానంగా వారానికి 20 పౌండ్ల 70 పెన్నీలు ఇవ్వాలా, లేక పోలండ్ ధరవరలకు తగ్గట్టు కోత పెట్టి ఇవ్వాలా అన్నది.

యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో కొనసాగాలంటే షరతులు మార్చాలని నాటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ పెట్టిన పేచీలో ఇదొక ముక్క. సభ్యత్వంపై ప్రజాభిప్రాయం సేకరిస్తానని ఆయన 2013 జనవరిలోనే మాటిచ్చారు. అంతకుముందు ఇచ్చిన మాట ఇంకోటుంది. వచ్చేవారిలోంచి వెళ్లేవారిని తీసేస్తే మిగిలే నికర వలసను ఏడాదికి లక్ష లోపుకు దించుతామని 2010 ఎన్నికల్లో ఆయన పార్టీ చెప్పింది. 2015లో ఆ లెక్క 3,33,000 దగ్గర తేలింది. అందులో సుమారు సగం ఈయూ దేశాల వాటా. వాళ్లను ఆపే అధికారం ఆయనకు లేదు, ఎందుకంటే సభ్యదేశాల పౌరులు ఎక్కడికైనా వెళ్లి పనిచేసుకోవచ్చన్నది యూనియన్ పునాది సూత్రాల్లో ఒకటి. మిగతా సగం మన దేశంలాంటి చోట్ల నుంచి వీసాపై వెళ్లినవాళ్లు. ఆ వీసాలు పూర్తిగా ఆయన చేతిలో ఉన్నవే. అదీ తగ్గలేదు. ఈ రెండో సంగతి గురించి ఆయన ఎక్కువగా మాట్లాడలేదనుకోండి.

మనుషుల్ని ఆపలేనప్పుడు వాళ్లకు అందే డబ్బునైనా ఆపుదామన్న ఆలోచన అక్కడ పుట్టింది. 2014 నవంబర్‌లో స్టాఫర్డ్‌షైర్‌లోని జేసీబీ ఫ్యాక్టరీలో నిలబడి కామెరాన్ ఆ పథకాన్ని బయటపెట్టారు. ఈయూ నుంచి కొత్తగా వచ్చిన కార్మికులకు మొదటి నాలుగేళ్లు టాక్స్ క్రెడిట్లు ఇవ్వకూడదు. పరాయి దేశంలో ఉన్న పిల్లలకు చైల్డ్ బెనిఫిట్, అంటే ఆ వారపు భత్యం, పంపకూడదు. టాక్స్ క్రెడిట్ అంటే తక్కువ జీతగాడికి, ముఖ్యంగా పిల్లలున్నవాడికి, జీతం మీద అప్పట్లో ప్రభుత్వం వేసిన పైకం. బ్రిటన్‌లో దీన్ని చందా కట్టినవాళ్లకని కాక అవసరమున్నవాళ్లకని ఇచ్చేవారు. అందుకే నిన్న దిగినవాడికీ వచ్చేది. కొత్తవాళ్లకు ఆపాలంటే, సమానత్వ సూత్రం ప్రకారం సొంత దేశపు పద్దెనిమిదేళ్ల పిల్లలకూ నాలుగేళ్లు ఆపాలి. ఆ పని చేసే ధైర్యం ఏ ప్రధానికి ఉంటుంది? అందుకే బ్రస్సెల్స్ ప్రయాణం.

చివరికి దక్కిందేమిటి? నాలుగేళ్ల నిషేధం కాస్తా నాలుగేళ్లలో మెల్లమెల్లగా పెరిగే భత్యం అయింది. ‘ఎమర్జెన్సీ బ్రేక్’ అని పేరు పెట్టిన ఆ ఏర్పాటు ఏడేళ్ల పాటే చెల్లుతుంది. చైల్డ్ బెనిఫిట్ ఆగలేదు. బిడ్డ ఉంటున్న దేశాన్ని బట్టి సర్దుతారు, అదీ మొదట కొత్త దరఖాస్తులకే, పాతవాళ్లకు 2020 నుంచి. పోలండ్, హంగరీ ఊరికే తలూపలేదు మరి. ముసాయిదా బయటికొచ్చిన మర్నాడే కామెరాన్ సొంత పార్టీ ఎంపీ జేకబ్ రీస్-మాగ్ పార్లమెంటులో లేచి, అసలే పలచని జావ, అందులో ఇంకా నీళ్లు పోశారన్నాడు.

ఆ జావలో గింజలెన్నో చూద్దాం. విదేశాల్లో ఉంటూ బ్రిటన్ చైల్డ్ బెనిఫిట్ అందుకుంటున్న పిల్లలు 2013 చివరికి సుమారు 34,000 మంది. ఖర్చు ఏడాదికి మూడు కోట్ల పౌండ్ల ప్రాంతం. మొత్తం చైల్డ్ బెనిఫిట్ పద్దు వెయ్యి కోట్ల పౌండ్లకు పైమాటే. అంటే నూరు పౌండ్లలో ముప్పై పెన్నీలు కూడా కాని పద్దు కోసం ఒక ప్రధాని వార్సా నుంచి కోపెన్‌హాగెన్ దాకా తిరిగారు. ఇక టాక్స్ క్రెడిట్ల సంగతి. భత్యాల నిబంధనలు మారిస్తే వలస పెద్దగా తగ్గదని బడ్జెట్ అంచనాల సంస్థ ఓబీఆర్‌కు చెందిన స్టీఫెన్ నికెల్ 2015 డిసెంబర్‌లో ఎంపీల కమిటీ ముందు చెప్పనే చెప్పారు. విచిత్రమేమిటంటే, 2016 ఏప్రిల్‌లో అదే ప్రభుత్వం పాతికేళ్లు దాటినవారి కనీస వేతనాన్ని గంటకు 7 పౌండ్ల 20 పెన్నీలకు పెంచింది. పని కోసం వచ్చేవాడికి అంతకన్నా మంచి కబురు ఏముంటుంది? ఒక చేత్తో భత్యం లాక్కుంటూ ఇంకో చేత్తో జీతం పెంచి, వలస ఎందుకు తగ్గదని అడిగారు.

ఇంగ్లండ్ తూర్పున లింకన్‌షైర్‌లో బోస్టన్ అనే ఊరుంది. ఈ కథ అసలు అక్కడ చదవాలి. చుట్టూ క్యాబేజీ, కాలీఫ్లవర్ పొలాలు, కూరగాయలు ప్యాక్ చేసే షెడ్లు. 2004లో పోలండ్, లిథువేనియాలాంటి దేశాలు యూనియన్‌లో చేరినప్పుడు పాత సభ్యుల్లో బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రమే వాళ్లకు ఉద్యోగాల తలుపులు వెంటనే తీశాయి. జర్మనీలాంటివి తాళం వేసుకున్నాయి. ఏడాదికి 5 వేల నుంచి 13 వేల మంది వస్తారని బ్రిటన్ ప్రభుత్వం తెప్పించుకున్న అంచనా. 2001లో ఇంగ్లండ్, వేల్స్‌లో పోలండ్‌లో పుట్టినవాళ్లు 58 వేలుంటే, 2011 జనాభా లెక్కల్లో 5,79,000 తేలారు. ఆ పదేళ్లలో బోస్టన్ జనాభా దాదాపు ఆరో వంతు పెరిగింది. వెస్ట్ స్ట్రీట్ నిండా తూర్పు యూరప్ కొట్లు వెలిశాయి. పాత కాపురస్తుల ఫిర్యాదు భత్యాల గురించి మాత్రమే కాదు. ఇంటద్దెలు పెరిగాయని, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకడం లేదని, బడిలో సీట్లు చాలడం లేదని, పొలం పనులన్నీ కూలీల ఏజెన్సీల చేతికి పోయి కూలి పెరగడం లేదని.

వీటికి మందు లేకపోలేదు. వలసల ఒత్తిడి ఉన్న ఊళ్లకు సాయం చేయడానికి 2009లో గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం ఏడాదికి మూడున్నర కోట్ల పౌండ్ల నిధి ఒకటి పెట్టింది. ఆ డబ్బు ఎక్కడిదనుకున్నారు? ఈయూ బయటి నుంచి వచ్చేవారి వీసా ఫీజు మీద వేసిన 50 పౌండ్ల సుంకం. అంటే పోలండ్ వాళ్లతో కిక్కిరిసిన ఊరికి మనవాళ్లు కూడా చందా వేశారు. 2010లో అధికారంలోకి వచ్చిన కామెరాన్ సంకీర్ణ ప్రభుత్వం ఆ నిధిని ఎత్తేసింది. పుండు బోస్టన్‌లో ఉంటే మందు కోసం బ్రస్సెల్స్‌కు వెళ్లడం అంటే ఇదే. 2016 జూన్ 23న ఆ ఊరు 75.6 శాతం ఓట్లతో బయటికి పోదామంది. దేశంలో అంత గట్టిగా చెప్పిన ఊరు మరొకటి లేదు. దేశం మొత్తం మీద 51.9 శాతం. కామెరాన్ తెచ్చిన ఒప్పందం, అందులోనే రాసుకున్న షరతు ప్రకారం, ఆ ఫలితంతో దానంతటదే చెల్లకుండా పోయింది.

నా లెక్కలో కామెరాన్ ఓడింది ఓట్ల రోజున కాదు, భత్యాలను వలసకు కారణమని తానే ప్రచారం చేసిన రోజున. ఆ మాట నమ్మిన ఓటరు ఆయన తెచ్చిన కాగితం చూసి, ఇంతేనా అన్నాడు. కట్టినవాడికే పెట్టాలన్న వాదనలో న్యాయం లేదని నేననను. కానీ దాన్ని న్యాయం పేరుతోనే చెప్పాలి. వలసకు అడ్డుకట్ట అని అమ్మకూడదు.

ఎందుకంటే అసలు పరీక్ష ఆ తర్వాత జరిగింది, అందులో పాల్గొన్నవాళ్లు మన పిల్లలు. 2020 డిసెంబర్ 31తో ఈయూ పౌరుల స్వేచ్ఛా రాకపోకలు ముగిశాయి. 2021 నుంచి అందరికీ పాయింట్ల వీసాయే. చదువయ్యాక రెండేళ్లు ఉండి పనిచేసుకునే గ్రాడ్యుయేట్ రూట్ వచ్చింది. 2022లో కేర్ హోముల ఉద్యోగాలకు వీసా తెరిచారు. గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి లోన్లు తీసుకుని మాస్టర్స్‌కు వెళ్లినవాళ్లు, భార్యాభర్తల్లో ఒకరు చదువుకూ మరొకరు డిపెండెంట్‌గానూ వెళ్లినవాళ్లు ఎందరో మనకు తెలుసు. వీళ్ల వీసాకు షరతు ఏమిటంటే, ప్రభుత్వ భత్యాలు వర్తించవు. చైల్డ్ బెనిఫిట్ లేదు, కౌన్సిల్ ఇల్లు లేదు. నాలుగేళ్లు కాదు, శాశ్వత నివాసం వచ్చేదాకా లేదు. కామెరాన్ కలగన్నదానికన్నా కఠినమైన నియమం ఇది. అయినా 2023 మధ్యకు నికర వలస 9 లక్షలు దాటింది. ఈయూ పౌరుల్లో వచ్చేవారికన్నా వెళ్లేవారే ఎక్కువయ్యారు. కొత్తగా వచ్చినవారిలో మొదటి స్థానం భారతీయులదే. భత్యం సున్నా, వలస దాదాపు మూడింతలు.

తర్వాత అది తగ్గింది కూడా. 2024 జనవరి నుంచి చాలామంది విద్యార్థులు కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేకుండా చేశారు, మార్చిలో కేర్ వర్కర్లకూ అంతే, ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకు జీతం హద్దును 38,700 పౌండ్లకు పెంచారు, 2025 జూలైలో విదేశాల నుంచి కేర్ వర్కర్ల నియామకాన్నే మూసేశారు. వలసను తగ్గించింది వీసా గేటు, భత్యాల కోత కాదు. ఆ గేటు మూస్తే వృద్ధులకు స్నానం చేయించేదెవరు అన్నది వేరే ప్రశ్న. దానికి ఇంకా జవాబు వెతుక్కుంటున్నారు.

పరాయి దేశంలో ఉన్న పిల్లల భత్యంలో కోత పెట్టాలన్న సరదా ఆస్ట్రియాకూ పుట్టింది. చట్టం చేసి మరీ 2019 నుంచి అమలు చేసింది. వియన్నా ముసలివాళ్లను చూసుకునే స్లొవేకియా, రొమేనియా ఆడవాళ్ల పిల్లలకు డబ్బు తగ్గింది. అందరితో సమానంగా పన్ను కట్టేవారికి సమానంగానే ఇవ్వాలంటూ 2022 జూన్‌లో యూరోపియన్ కోర్టు ఆ చట్టాన్ని తప్పుపట్టింది.

మన పిల్లల వెనక అలాంటి కోర్టు లేదు. వాళ్లూ ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ కడతారు. అవి కాక ఆరోగ్య సేవలకు ముందే కట్టే సర్‌చార్జి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకు, పిల్లలకు 776. వర్క్ వీసాపై ఐదేళ్లు ఉండే దంపతులు, ఇద్దరు పిల్లలకు కలిపి 18,110 పౌండ్లు, అంటే 20 లక్షల రూపాయలకు పైమాటే. శాశ్వత నివాసానికి ఐదేళ్ల గడువును పదేళ్లు చేయాలని బ్రిటన్ ప్రభుత్వం 2025 మే శ్వేతపత్రంలో ప్రతిపాదించింది. బిడ్డను యూకే పంపాలని బ్యాంకులో లోన్ కాగితాల మీద సంతకం పెట్టబోయే తల్లిదండ్రులు కన్సల్టెన్సీ చెప్పే ఫీజుతో పాటు ఈ లెక్క కూడా వేసుకోండి. అక్కడ మన పిల్లలకు దొరికేది జీతం ఒక్కటే, అదీ ఉద్యోగం ఉన్నన్నాళ్లే.