చేపలు ఎండబెట్టే చోటూ పటంలోకి ఎక్కాలి

మత్స్యకార గ్రామ సంఘం అనగానే వీధి దీపం, మంచినీళ్ల కుళాయి, తుపానుకు కొట్టుకుపోయిన వలలకు పరిహారం, వీటికోసం అర్జీలు పట్టుకు తిరిగే నలుగురు పెద్దమనుషులు గుర్తొస్తారు. ఉప్పాడ తీరంలోని మా ఊరి సంఘమూ ఆ పనులన్నీ చేస్తుంది. మా అమ్మ ఎండుచేపల గంప మోసి నన్ను డిగ్రీ దాకా చదివించింది, అందుకే సంఘంలో అర్జీలు రాసే పని నాకు అప్పగించారు. కానీ ఇప్పుడు అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని వేరే ఉంది. మా తీరం పటాన్ని మేమే గీసి, సర్కారు పటంలోకి ఎక్కించుకోవాలి.

ఎందుకంటే నిబంధనలు మారాయి. 2011 సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) నోటిఫికేషన్ ప్రకారం పల్లె తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా, కొద్ది మినహాయింపులు తప్ప, కొత్త కట్టడాలకు వీల్లేదు. 2019 నోటిఫికేషన్ దాన్ని జనసాంద్రత బాగా ఎక్కువున్న గ్రామాల్లో 50 మీటర్లకు కుదించింది. 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మంది దాటితే చాలు, తీర నిర్వహణ ప్రణాళిక ఆమోదం పొందాక ఆ ఊరికి ఇదే వర్తిస్తుంది. ఇల్లు ఇల్లు ఆనుకుని ఉండే మత్స్యకార పల్లెల్లో ఎన్నో దీని కిందికి వస్తాయి. ఆ మిగిలిన 150 మీటర్లు ఖాళీ జాగా కాదు. నావలు లాగి పెట్టేదీ, వలలు బాగుచేసుకునేదీ, చేపలు ఎండబెట్టేదీ అక్కడే. తరతరాలుగా అనుభవిస్తున్నా ఎవరి పేరునా పట్టా లేదు. పటంలో గుర్తు లేకపోతే చూసేవాళ్లకు అది ఉత్త ఇసకే.

అది ఉత్త ఇసక కాదని తెలియాలంటే నెత్తళ్లు పడిన రోజు పొద్దున్నే రావాలి. రాత్రి మంచు ఆరాక ఇసకను చదునుచేసి, పాత వల పరిచి, దానిమీద చేపను పల్చగా చల్లుతారు. ఒకదానిమీద ఒకటి పడితే అడుగుది కుళ్లుతుంది. మధ్యాహ్నం నడుం వంచి తిరగేయాలి. కుక్కల్ని, కాకుల్ని తోలుతూ ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే. మబ్బు పడితే ఆడవాళ్లంతా పరుగు. ఇసక అంటిన చేపకు బేరగాడు ధర తెగ్గోస్తాడు కాబట్టి సిమెంటు గట్టు కావాలని అడుగుతూనే ఉన్నాం. ఈ పనికి కావాల్సింది ఎండ, గాలి, కాస్త వెడల్పైన జాగా. ఆ జాగా పోతే ముందు పోయేది ఆడవాళ్ల సంపాదన.

మా దగ్గర ఆ జాగా ఇప్పటికే నలిగిపోతోంది. తీరం వెంట అలలు ఇసకను ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. అడ్డంగా ఏది కట్టినా దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోస్తుంది. గోదావరి తెచ్చే ఇసకలో చాలా భాగం ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. ఇళ్లు, గుళ్లు, రోడ్డు కోతకు పోయిన ఊళ్లు మావి. రాళ్ల గోడ వేస్తే ఇళ్లు నిలుస్తాయి, కానీ నావ ఒడ్డుకు లాగడానికి దారి ఉండదు. సంఘం ఈ రెండు మాటలూ కలిపి చెప్పాలి: గోడ కావాలి, అందులో రేవుకు సందూ కావాలి.

చట్టంలో మాకు చోటు లేకపోలేదు. మత్స్యకార గ్రామాలు, వాళ్ల ఉమ్మడి స్థలాలు, జెట్టీలు, ఐసు ఫ్యాక్టరీలు, చేపలు ఎండబెట్టే చోట్లు తీర నిర్వహణ ప్రణాళికలో చూపాలని 2019 నోటిఫికేషన్ చెబుతోంది. భవిష్యత్తులో ఇళ్లకు కావాల్సిన స్థలాన్నీ లెక్కలోకి తీసుకోమంటోంది. చిక్కల్లా కొలతలో ఉంది. ప్రణాళిక పటాలు 1:25,000 కొలతలో గీస్తారు. అంటే పాతిక మీటర్ల మా జాగా కాగితం మీద ఒక్క మిల్లీమీటరు. గ్రామ పటం కొలతలో, అంటే దాదాపు 1:4,000లో గీస్తే ఆరు మిల్లీమీటర్లు వస్తుంది, సర్వే నంబరు పక్కన రాయొచ్చు. స్థానిక అవసరాలకు ఆ కొలతలో పటాలు ఉండాలని నిబంధనల్లోనే ఉంది. మాకు కావాల్సింది అవే, తెలుగులో, గ్రామ సచివాలయం గోడ మీద.

మేం గీయడం మొదలుపెట్టాం. కర్రలు పాతి, ఫోన్‌లో గుర్తులు పెట్టుకుంటూ ఒడ్డు వెంట నడిచాం. మగవాళ్లు రేవు, వలల పాక, నావల దారి చూపించి అయిపోయిందన్నారు. "వేలంపాట ఎక్కడ పాడతాం? చేప ఎక్కడ ఆరబెడతాం?" అని మా పెద్దమ్మ అడిగాక ఇంకో సగం పటం తయారైంది. అందుకే సంఘాల కమిటీల్లో ఆడవాళ్లు సంతకానికి కాదు, మాటకు ఉండాలంటున్నాను. ఈ నిబంధనల అమలును చూసే, కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీలో తీరప్రాంత సంప్రదాయ వర్గాల నుంచి కనీసం ముగ్గురు ఉండాలి. వాళ్లలో ఒకరు చేపలు ఎండబెట్టే మనిషై ఉండాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను బోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు ఒడ్డునే ఉంటాయి, మగవాళ్లు ఊళ్లోనే ఉంటారు. సర్వేయర్లను అప్పుడు పంపండి. హద్దులు చూపడానికి పెద్దలొస్తారు, గొలుసు పట్టడానికి మనుషుల్ని సంఘమే ఇస్తుంది.