దిగడం రానివారు ఎగరరాదు

బాలే నర్తకులలో ఎవరు గొప్పవారంటే, ఎక్కువ ఎత్తు ఎగిరినవారేనని తీర్పు చెప్పేవారు మెండయ్యారు. గాలిలో కాళ్లు రెండూ బారచాపిన క్షణాన తీసిన ఛాయాచిత్రమొకటి చూపి, ఇదీ నృత్యమంటారు. అయ్యా, ఆ చిత్రంలో నేల విడవడమూ లేదు, నేల చేరడమూ లేదు. కర్తనూ క్రియనూ తీసివేసిన వాక్యానికి అన్వయం చెప్పమన్నట్లుంది!

ముందు లెక్క చూద్దాం. 30 సెంటీమీటర్లు ఎగిరినవారు గాలిలో ఉండేది సుమారు అర సెకను. దానికి రెట్టింపు ఎగిరినా 0.7 సెకను మాత్రమే. అంత శ్రమకు దక్కేది సెకనులో అయిదో వంతు. మరి నర్తకి గాలిలో నిలిచినట్లు తోచడమెలా? ఆ కాలంలో దాదాపు 70 శాతం ఎత్తులోని పైసగంలోనే గడుస్తుంది. పైగా 'గ్రాండ్ జెటే' అనే పెద్ద దూకులో, శిఖరం చేరేవేళకు కాళ్లు విప్పి చేతులెత్తితే, గరిమనాభి వంపుదారిలో పోతున్నా శిరస్సు కాసేపు సమరేఖలో సాగుతుంది. తేలుతున్నట్లుండే ఆ భ్రమ అదను తెలిసినవారికే దక్కుతుంది.

ఇక దూకుకు మూలమెక్కడ? మోకాళ్లు వంచే 'ప్లియే'లో. రష్యన్ గురువు అగ్రిప్పినా వగానొవా 1934లో వెలువరించిన గ్రంథంలో, మడమతో నేలను తోయడమే దూకుకు బలమని బోధించింది. దిగేటప్పుడూ అదే వరుస తిరగబడాలి: ముందు వేళ్లు, తరువాత పాదం, ఆపై మడమ, వెంటనే కాలివేళ్ల దిక్కుగా మోకాలి వంపు. దిగేవేళ పాదం మీద పడేది దేహభారానికి అనేక రెట్లు. మడమ ఆనక, మోకాలు లోపలికి వాలితే ఆ దెబ్బ పిక్కనరమూ ముంగాలి ఎముకా భరించాలి. పదేళ్ల పిల్లలచేత ప్లియే కుదరకముందే పెద్ద దూకులు వేయించే గురువులు ఈ సంగతి ఎరగరా? ఎరిగీ చేయిస్తే అది విద్యాదానమా?

డెన్మార్కులో ఆగస్ట్ బూర్నన్‌విల్ (1805–1879) నెలకొల్పిన సంప్రదాయం చూడండి. చేతులు కిందనే, ముఖాన ప్రయాస లేదు, దూకు వెంట దూకు. అక్కడ ఒక దూకు దిగడమే మరొక దూకుకు ఆయత్తం.

నిజిన్‌స్కీ మాటేమిటని అడిగేవారున్నారు. 1911లో మాంటెకార్లోలో 'ల స్పెక్త్ర్ ద లా రోజ్' ప్రదర్శనలో అతడు కిటికీగుండా దూకి లోకప్రసిద్ధుడయ్యాడు. నిజమే. కాని అతడు దిగింది తెరవెనుక, ప్రేక్షకులు చూడనేలేదు. శిక్షణశాలలో పిల్లలకు అటువంటి కిటికీ లేదు. ఎగిరిన ప్రతిసారీ నేలమీదికే రావాలి.

కనుక తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మీ బిడ్డ దూకేటప్పుడు ఒక్కసారి కళ్లు మూసుకొని వినండి. నేల దభీమంటే, ఎత్తు ఎంతని అడగకండి. గురువును ప్లియే సంగతి అడగండి.