అడగని తేదీ

తలంటు పోసేటప్పుడు తల్లి చెయ్యి పిల్ల మెడ దగ్గరికొచ్చి ఆగుతుంది. మెడ వెనక మడతల్లో చర్మం నల్లగా, కాస్త మందంగా తగులుతుంది. ఎండన పడి తిరుగుతోంది, ఒళ్లు సరిగ్గా తోముకోవడం లేదు అనుకుని ఇంకో పిడికెడు సున్నిపిండి వేసి రుద్దుతుంది. పై వారం శనగపిండి, పెరుగు. ఆ తర్వాత నిమ్మచెక్క. పిల్ల మంటెక్కి మెడ ముడుచుకుంటుంది. నలుపు మాత్రం పోదు.

అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైందనడానికి చాలామందిలో ముందుగా కనబడే గుర్తు అది. అదే పిల్లకి గడ్డం కింద నాలుగు మొండి వెంట్రుకలు ఉండొచ్చు. ఎన్ని రాసినా తగ్గని మొటిమలు, దువ్వెనకి చుట్టుకుని వచ్చే జుట్టు, రెండు మూడు నెలలకోసారి గానీ రాని నెలసరి ఉండొచ్చు. మొటిమలకి ఒక క్రీము, జుట్టుకి ఒక నూనె, నెలసరికి ఒక కషాయం అని విడివిడిగా ఏళ్లు గడిచిపోతాయి. అన్నిటినీ ఒక్కచోట పెట్టి చూసే డాక్టరు దొరికిన రోజున పీసీఓఎస్ అంటారు. మన ఇళ్లలో వాడుక పీసీఓడీ.

ఈ మాట ఈమధ్య పెళ్లి పందిళ్లలో, అపార్ట్‌మెంట్ లిఫ్టుల దగ్గర తరచుగా చెవిన పడుతోంది. ఈ కాలం పిల్లలకే వచ్చిందని, బయటి తిండీ సెల్‌ఫోనూ తెచ్చిపెట్టాయని అనుకుంటాం. కానీ 1721లోనే ఇటలీలో వాలిస్నేరి అనే వైద్యుడు, పిల్లలు కలగని ఓ పల్లెటూరి ఇల్లాలి అండాశయాలు మామూలుకన్నా పెద్దగా, తెల్లగా మెరుస్తూ, గడ్డలు గడ్డలుగా ఉన్నాయని రాసి పెట్టాడు. 1935లో షికాగోలో స్టీన్, లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు నెలసరి ఆగిపోయిన ఏడుగురు ఆడవాళ్ల సంగతి వివరంగా రాశారు. ఆపరేషన్ చేసి అండాశయంలో కొంత ముక్క తీసేస్తే ఆ ఏడుగురికీ నెలసరి తిరిగి మొదలైంది. అప్పటికి వాళ్లకి తెలిసిన దారి అదే. దీనికీ ఇన్సులిన్‌కీ లంకె ఉందన్న సంగతి 1980లో గానీ బయటికి రాలేదు.

ఆ లంకె ఒక్కసారి అర్థమైతే సగం భయం తీరుతుంది. పిలిచినా పలకని ఇంటి ముందు నిలబడి గొంతు పెంచినట్టు, కణాలు ఇన్సులిన్ మాట వినకపోయేసరికి క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ వదులుతుంది. ఎక్కువైన ఆ ఇన్సులిన్ అండాశయాన్ని రెచ్చగొట్టి, ఆడవాళ్లలో కొద్దిగా మాత్రమే ఉండాల్సిన పురుష హార్మోన్లను మోతాదు మించి తయారు చేయిస్తుంది. దాంతో గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి, తల మీద జుట్టు పల్చబడుతుంది. నెలనెలా ఒక అండం పెరిగి విడుదల కావాల్సింది పోయి, చాలా అండాలు సగంలో ఆగిపోతాయి.

స్కానింగులో చిన్న చిన్న నల్లటి గుండ్రాలుగా కనబడేవి ఆ సగంలో ఆగినవే. రిపోర్టులో 'సిస్టులు' అని చదివి, రాత్రంతా దుప్పటి కింద ఫోనులో వెతుక్కుంటూ ఏడ్చే పిల్లలున్నారు. అవి కణితులు కావమ్మా, కోసి తీయాల్సినవీ కావు అని ఆ పూట ఎవరైనా ఒక్క మాట చెబితే చాలు, కంటి నిండా నిద్రపోతారు.

ఆడపిల్ల పెద్దమనిషి అయితే మనం దాచుకునేవాళ్లం కాదు. హాలు మాట్లాడతాం, వీధి మొదట్లో పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కడతాం. మేనమామ పట్టుబట్టలు పెడతాడు. పెద్దవాళ్లు చిమ్మిలి దంచి ముద్దలు చేసి తినిపిస్తారు. ఊరందరికీ భోజనాలు. ఆ హడావిడి అయిన మర్నాటి నుంచి సంగతి గుసగుసల్లోకి వెళ్లిపోతుంది. మొదటిసారికి ఇంత చేసినవాళ్లం, ఆ తర్వాత అసలు వస్తోందా లేదా అని అడగం. తండ్రికి తెలియదు. తల్లికి ఒక్కోసారి తెలుస్తుంది. పిల్ల ఇంటర్మీడియట్‌కి హాస్టల్లో చేరిందంటే ఆమెకీ తెలియదు.

రాకపోవడం మొదట్లో హాయిగానే అనిపిస్తుంది కూడా. 'నీకేమే, అదృష్టవంతురాలివి' అంటారు హాస్టల్ స్నేహితురాళ్లు. శ్రావణ శుక్రవారం వ్రతానికి అడ్డు రాలేదని, తిరుపతి ప్రయాణానికి బిళ్ల వేసుకోవాల్సిన పని తప్పిందని ఇంట్లో సంతోషిస్తారు. ఆ సంతోషంలో ఒక ఏడాది గడిచిపోతుంది. నెలల తరబడి రాకుండా ఉంటే గర్భసంచి లోపలి పొర మందంగా పేరుకుంటుంది, అది అలా ఏళ్ల తరబడి ఉండిపోకూడదు. డాక్టర్లు బిళ్ల ఇచ్చి రప్పించేది అందుకే.

ఇంట్లోవాళ్లకన్నా ముందు కనిపెట్టేది చాలాసార్లు బ్యూటీ పార్లర్ అమ్మాయి. కనుబొమలకని వచ్చిన పిల్ల గొంతు తగ్గించి, 'అక్కా, గడ్డం కూడా' అంటుంది. ఆ అక్క ఏమీ అనదు. దారం పళ్లతో బిగించి పట్టుకుని, పక్క కుర్చీలో వాళ్లకి కనబడకుండా కాస్త అటు తిరిగి నిలబడి పని కానిస్తుంది. 'నెలనెలా వస్తోందా?' అని మెల్లగా అడిగే వాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్న పార్లర్లో వినబడినంత తేలిగ్గా ఇళ్లలో వినబడకపోవడం నాకు బాధగా ఉంటుంది. దారంతో తీస్తే వెంట్రుకలు ఇంకా గట్టిగా, ఒత్తుగా వస్తాయన్న భయం అక్కర్లేదు, అందులో నిజం లేదు.

వంటింటి గోడకి వేలాడే క్యాలెండరు గుర్తుందా? పాలు రాని రోజుకి సున్నా చుట్టేవారు. గ్యాస్ బండ వచ్చిన తేదీ పక్కన పెన్సిలుతో రాసేవారు. వాటి మధ్య ఎవరూ ఏమిటని అడగని ఒక చిన్న చుక్క ఉండేది. అది అమ్మది. పూజలకీ ప్రయాణాలకీ లెక్క చూసుకోవడానికి పెట్టుకున్న చుక్క. ఇప్పుడు డాక్టరు ముందుగా అడిగేది సరిగ్గా ఆ చుక్కల గురించే: ఏడాదిగా ఏ ఏ తేదీల్లో వచ్చింది?

పెద్దమనిషి అయిన మొదటి ఏడాది నెలసరి ముందూ వెనకా కావడం మామూలే. ఆ తర్వాత ఎప్పుడైనా ఒకేసారి మూడు నెలలు రాకపోయినా, మూడేళ్లు దాటాక కూడా 35 రోజులకి మించి ఎడం వస్తున్నా, ఏడాదికి ఎనిమిది సార్లకన్నా తక్కువ వస్తున్నా చూపించుకోవాలి. కంగారుపడి చిన్నపిల్లలకి స్కానింగులు చేయించాల్సిన పని మాత్రం లేదు. ఆ వయసులో అండాశయాలు ఎలాగూ అలాగే కనబడతాయి. అందుకే నెలసరి మొదలైన ఎనిమిదేళ్ల దాకా స్కానింగు చూసి దీన్ని తేల్చవద్దని 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో నూటికి పది నుంచి పదమూడు మందికి ఈ సమస్య ఉంది. వాళ్లలో నూటికి డెబ్బై మంది దాకా తమకి ఉన్నట్టే తెలియకుండా బతుకుతున్నారు.

డాక్టరు రాసిన మందుల చీటీ చేతికొచ్చాక ఇంట్లో ఇంకో కలవరం మొదలవుతుంది. మెట్‌ఫార్మిన్ చూసి, 'ఇది షుగరు బిళ్ల కదా, మా పిల్లకి షుగరు లేదే' అంటాడు తండ్రి. ఇన్సులిన్ మాట కణాలు వినేలా చేయడానికి ఆ బిళ్ల. రెండో బిళ్ల చూస్తే తల్లి గుండె గుభేలుమంటుంది. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు, పెళ్లికాని పిల్లకి! ఎవరి కంటా పడకుండా ఆ అట్టని బీరువాలో చీరల మడతల్లోకి తోసేస్తారు. నెలసరిని గాడిలో పెట్టడానికి, పురుష హార్మోన్లను అదుపు చేయడానికి అవి ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందులు. ఎవరికి పడతాయో ఎవరికి పడవో డాక్టరు చూసే రాస్తారు. వెంట్రుకల్లో తేడా కనబడడానికి ఆరు నెలలైనా పడుతుంది. రెండు నెలలు వాడి, గుణం లేదని మానేసేవాళ్లని చూస్తే ఇంకాస్త ఓపిక పట్టమ్మా అని బతిమాలాలనిపిస్తుంది.

అన్నిటికన్నా పిల్లల్ని కుంగదీసేది మందులు కాదు, మాటలు. 'లావు తగ్గు, అదే పోతుంది' అని వచ్చిన ప్రతి చుట్టమూ అనేసి పోతారు. బరువులో నూటికి ఐదు వంతులు తగ్గినా చాలామందికి మేలు కనబడుతుందన్నది నిజమే. కానీ ఈ సమస్య ఉన్నవాళ్లకి బరువు తేలిగ్గా పెరుగుతుంది, తగ్గమంటే ఒక పట్టాన తగ్గదు. సన్నగా రివటలా ఉన్న పిల్లలకీ ఇది వస్తుంది. అసలే గోరుచుట్టు, దాని మీద రోకటిపోటు అన్నట్టు, అద్దంలో చూసుకోవడానికే ముడుచుకుపోయే పిల్లని పదిమందిలో నిలబెట్టి ఒళ్లు గురించి అంటే ఆ పూట అన్నం కూడా సయించదు. దిగులు, ఆందోళన వీళ్లలో ఎక్కువగా ఉంటాయి. మనసు ఎలా ఉందో కూడా తప్పకుండా కనుక్కోమని ఆ అంతర్జాతీయ మార్గదర్శకాలే డాక్టర్లకి చెబుతున్నాయి.

తిండి విషయంలో దీనికంటూ ప్రత్యేకమైన పథ్యం ఏదీ లేదు. ఫలానాదే తినాలని ఏ పరిశోధనా తేల్చలేదు. మన వంటింట్లో ఉన్నవాటితోనే నడుస్తుంది. అన్నం గుట్ట కొంచెం తగ్గి, కూరా పప్పూ కొంచెం పెరిగితే చాలు. పొద్దున పెసరట్టు, సాయంత్రం గుగ్గిళ్లు, వారంలో కొన్నిసార్లు జొన్నరొట్టె. ఆవకాయ కలిపిన మొదటి ముద్దని ఎవరూ లాక్కోనక్కర్లేదు. పిల్లకొక్కదానికే వేరే గిన్నెలో వండి పెడితే తనేదో రోగినన్న భావం వస్తుంది. ఇల్లంతా ఒకే వంట తింటే ఎవరికీ నష్టం లేదు, ఇంటిల్లిపాదికీ షుగరు భయం ఉన్న రోజుల్లో లాభమే.

నడక కూడా అంతే. వారానికి రెండున్నర గంటలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున కాస్త చెమట పట్టేలా నడిస్తే చాలు. ఒక్కదాన్నే పొమ్మంటే వారం తిరక్కుండా మానేస్తుంది. ఎవరో ఒకరు చెప్పులేసుకుని, 'పద' అంటే కదులుతుంది.

పెళ్లి దగ్గరికి వచ్చేసరికి అసలు దిగులు పైకి తేలుతుంది. అవతలివాళ్లకి చెప్పాలా, చెబితే ఏమంటారో, పిల్లలు పుడతారో లేదో. పుడతారు. ఈ సమస్య ఉన్నవాళ్లలో చాలామందికి పిల్లలు పుడుతున్నారు, కొందరికి ఏ మందూ లేకుండానే. అండం విడుదల కాని వాళ్లకి లెట్రోజోల్ లాంటి మామూలు బిళ్లలతో మొదలుపెడతారు, అందరికీ టెస్ట్‌ట్యూబ్ దాకా వెళ్లాల్సిన పని పడదు. కడుపుతో ఉన్నప్పుడు షుగరు, బీపీ వచ్చే వీలు కొంచెం ఎక్కువ కాబట్టి ముందునుంచీ చూపించుకుంటూ ఉండాలి. పిల్లల కోసమే వైద్యం అనుకుని ఒక బిడ్డ పుట్టగానే మందులూ పరీక్షలూ వదిలేసేవాళ్లు చాలామంది. ఇన్సులిన్ సంగతి నలభైల్లోనూ ఉంటుంది, యాభైల్లోనూ ఉంటుంది.

ఇది కుటుంబాల్లో వస్తుంది. అమ్మకి ఉంటే కూతురికి, అక్కకి ఉంటే చెల్లికి వచ్చే వీలు ఎక్కువ. పిల్లని తీసుకొచ్చిన తల్లిని డాక్టర్లు 'మీకెలా ఉండేదమ్మా?' అని అడగడం అందుకే. అప్పటిదాకా కూతురి ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆవిడ కాసేపు ఆలోచించి మొదలుపెడుతుంది. తనకీ మూడేసి నెలలకోసారే వచ్చేదని, ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఊరుకున్నానని, ఈ పిల్ల పుట్టడానికి ముందు ఎన్నో ఏళ్లు అత్తారింట్లో మాటలు పడ్డానని. కూతురు ఆ సంగతి వినడం అదే మొదటిసారి. డాక్టరు చీటీ మీద కూతురి పేరు కింద తల్లి పేరు కూడా రాసి, ఆవిడకీ షుగరు పరీక్ష చేయించమంటుంది.