చేతిలో ఒక ఉద్యోగం, మనసులో ఇంకొకటి

మొన్న ఆదివారం తిరువూరు బస్టాండు ఎదురుగా టీ తాగుతుంటే మా వీధి కుర్రాడొకడు వచ్చి పక్కన కూర్చున్నాడు. మెగా డీఎస్సీలో ఎస్జీటీ కొట్టాడు. 2025 సెప్టెంబరు 25న నియామక పత్రం చేతికొచ్చిన రోజు వాళ్ళమ్మ వీధంతా స్వీట్లు పంచింది. అలాంటివాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, గ్రూప్-2 మళ్ళీ పడితే రాద్దామనుకుంటున్నా. ఉన్న ఉద్యోగంలో ఇంకా ప్రొబేషన్ కూడా కాలేదు. తప్పంటావా?"

"తప్పయితే నీకంటే ముందు నన్ను పట్టుకోవాల్రా" అన్నాను.

నా కథ చెప్పాను. మీకూ చెప్తాను. 2019లో సచివాలయం ఉద్యోగాలు పడ్డాయి గుర్తుందా? అక్టోబరు 2న సచివాలయాలు మొదలయ్యాయి. నేనూ చేరాను. నెలకు పదిహేను వేలు. 2022లో ప్రొబేషన్ ఖరారై స్కేలు వచ్చేదాకా అదే జీతం. పని మీద చిన్నచూపు లేదు. పింఛన్ల లిస్టులు, సర్టిఫికెట్లు, సర్వేలు... ఊళ్ళో ప్రతి గడపా తెలిసింది. కానీ డిగ్రీ చదివేటప్పటి గ్రూప్స్ పిచ్చి మాత్రం పోలేదు.

2023 డిసెంబరులో గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చింది. 897 పోస్టులు. అర్ధరాత్రి ఫోన్‌లోనే అప్లై చేశా. ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నారా అని అడిగిన చోట వేలు ఆగింది. 'అవును' అంటే ఆఫీసులో తెలుస్తుందేమో, 'ఇక్కడ పని చేయడం ఇష్టం లేదా' అంటారేమో అని భయం. 'కాదు' నొక్కేశాను.

తర్వాత నోటిఫికేషన్ తీరిగ్గా చదివితే గుండె జారింది. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు, పర్మనెంటయినా టెంపరరీ అయినా, తాము దరఖాస్తు చేసిన సంగతి తమ ఆఫీసు పై అధికారికి రాతపూర్వకంగా చెప్పాలని అందులో స్పష్టంగా ఉంది. అబద్ధం చెప్పినట్టు తేలితే అభ్యర్థిత్వమే పోవచ్చు. పుస్తకం తెరిస్తే ఆ 'కాదు' కనిపించేది. 2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ రాశా. పోయింది. తప్పినందుకు ఊపిరి పీల్చుకున్న అభ్యర్థిని నేనొక్కణ్ణేనేమో! ఒకవేళ ర్యాంకు వచ్చి, సర్టిఫికెట్ల పరిశీలనలో దొరికిపోయి ఉంటే? ఉన్న పరువూ పోయేది, వచ్చే ఉద్యోగమూ పోయేది.

తర్వాత ఇంకో నోటిఫికేషన్ పడినప్పుడు ఒక్క పేజీ ఉత్తరం రాసుకుని పై అధికారి దగ్గరికి వెళ్ళాను. నా పేరు, హోదా, నోటిఫికేషన్ నంబరు, ఏ పోస్టుకు అప్లై చేస్తున్నానో... అంతే. చేతులు వణుకుతున్నాయి. ఆయన చదివి తలెత్తి, "పరీక్షప్పుడు సెలవు కావాలిగా, ముందే చెప్పు" అన్నారు. ఇన్నాళ్ళు నేను భయపడింది ఈ ఒక్క మాటకా అనిపించింది.

అందరికీ ఇంత సులువుగా జరగదు, నిజమే. కొన్నిచోట్ల ఫైలు నెలల తరబడి కదలదు. అందుకే ముందు నుంచే మొదలుపెట్టాలి. ఉత్తరం ఇచ్చి ఊరుకోకూడదు. అందినట్టు ముద్ర, తేదీ వేయించుకున్న కాపీ మన దగ్గర ఉండాలి. నిరభ్యంతర పత్రం అడిగితే చూపించడానికి అదే ఆధారం.

"మరి సెలెక్టయ్యాక రిజైన్ చేస్తే చాలుగా అన్నా?" అన్నాడు కుర్రాడు.

చాలామంది కాలు జారేది ఇక్కడే. రాజీనామా అంటే అప్పటిదాకా చేసిన సర్వీసు పోయినట్టే అని మన పింఛను నిబంధనలు చెబుతాయి. అనుమతితో దరఖాస్తు చేసి, ఇంకో ప్రభుత్వ ఉద్యోగంలో చేరడానికి ఇచ్చే రాజీనామాకు మాత్రం మినహాయింపు ఉంది. దీన్నే టెక్నికల్ రెజిగ్నేషన్ అంటారు. కాబట్టి 'సొంత కారణాల వల్ల' అని ఒక్క ముక్క రాసేసి రావద్దు. ఫలానా తేదీన తెలియజేసి అప్లై చేశాను, ఫలానా పోస్టుకు ఎంపికయ్యాను, అందులో చేరడానికి నన్ను రిలీవ్ చేయండి అని రాయాలి. సీపీఎస్‌లో ఉన్నవాళ్ళకు ప్రాన్ నంబరు మారదు, కొత్తచోట అదే ఇవ్వాలి.

ఇంత చెప్పినా కుర్రాడి మొహం తేటపడలేదు.

"రూల్సు సరే అన్నా. మా తండా బళ్ళో ఇద్దరమే టీచర్లం. నేను పోతే మేడమ్ ఒక్కరే అయిదు తరగతులూ చూసుకోవాలి."

టీ గ్లాసు కింద పెట్టాను. ఈ ప్రశ్నకు ఏ నోటిఫికేషన్‌లోనూ జవాబు లేదు. 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ పూర్తయిన డీఎస్సీ 2025లోనే. మధ్యలో ఏడేళ్ళు. ఒక పోస్టు ఖాళీ అయితే మళ్ళీ ఎప్పుడు నిండుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా వాడు చేరిన కుర్చీ కోసం అర మార్కుతో ఆగిపోయినవాళ్ళు ఈ వీధిలోనే ఉన్నారు.

అందుకని జీవితాంతం అక్కడే ఉండిపొమ్మనే హక్కు నాకు లేదు. ఇరవై ఆరేళ్ళవాడు పైకి వెళ్ళాలనుకోవడం నేరం కాదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. "రాయి. కానీ దాచకు. నువ్వు ముందే చెప్తే వాళ్ళు ఏదో ఒక సర్దుబాటు చూసుకుంటారు. చెప్పకుండా ఒకరోజు మాయమైతే నష్టం ఆ పిల్లలకే. ఉన్నన్ని రోజులు మాత్రం పూర్తిగా అక్కడే ఉండు. బళ్ళో మెటీరియల్ తెరవకు."

వాడు ఏమీ అనలేదు. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

నాలుగు రోజుల తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. నోటిఫికేషన్ ఇంకా పడనేలేదు, అయినా ఎంఈవోకి రాసిన ఉత్తరం, కింద నీలిరంగు ముద్ర, తేదీ. దాని కింద ఒక మాట: "మేడమ్‌కి కూడా చెప్పానన్నా. వెళ్ళేలోపు మూడో తరగతి వాళ్ళందరికీ కూడికలు, తీసివేతలు రావాలన్నారు. ఇంకా ఆరుగురికి రావట్లేదు."

ఆ ఆరుగురి సంగతి తేలాకే పరీక్ష తేదీ రావాలని నేనైతే కోరుకుంటున్నాను.