వేలిముద్ర కూడా సంతకమే



సైబర్ నేరం అంటే పట్నంల కంప్యూటర్లున్నవాళ్ళ బాధ, నల్లమల పెంటల్లో ఉండే చెంచులకు దాంతో ఏం పని అని చాలామంది అనుకుంటరు. నేనట్ల అనుకోను. మా పెద్దవాళ్ళకు కంప్యూటర్ లేదు, కొందరికి ఫోన్ కూడ లేదు. కాని బొటనవేలు ఉన్నది. రేషన్ బియ్యానికి, పింఛనుకు, బ్యాంకుల ఉన్న కూలి పైసలకు మిషన్ మీద వేలే పెడతరు. వాళ్ళకు అదే సంతకం, అదే తాళంచెవి.

ఆ తాళంచెవిని కూడ దొంగలు ఎత్తుకపోతరు. 2018లో మన రాష్ట్రంలోనే, పెద్దపల్లి జిల్లాలో ఇట్లాంటిది బయటపడ్డది. సిమ్ కార్డులు అమ్మే ఒకతను భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలు తీసుకొని, వాటితో నకిలీ ముద్రలు తయారుచేసి, వేరేవాళ్ళ పేర్ల మీద వేల సిమ్ములు తెరిచినాడని పోలీసులు చెప్పినారు. ఆ ముద్రలు వేసినవాళ్ళకు ఈ సంగతే తెలియదు.

దీనికి చట్టం లేదా? ఉన్నది. సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17 నుండి అమలులోకి వచ్చింది. 2008లో దాన్ని సవరించి కొత్త సెక్షన్లు కలిపినారు. ఇంకొకరి పాస్‌వర్డును గాని, వారికే చెందిన మరే గుర్తింపును గాని మోసంతో వాడితే 66సి. బ్యాంకు మేనేజరునని ఫోనులో నమ్మించి మోసం చేస్తే 66డి. ఈ రెండింటికీ 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఒప్పుకోకుండా ఒకరి ఒంటి ఫోటో చాటుగా తీసినా, పంపినా 66ఇ. 18 ఏళ్ళలోపు పిల్లల అసభ్య చిత్రాలు పంపితే 67బి. దానికి మొదటిసారే 5 సంవత్సరాల వరకు జైలు పడవచ్చు. ఈ చివరి రెండు ఆడపిల్లలమైన మనం తప్పక గుర్తు పెట్టుకోవాలె.

మరి చట్టం ఉండి కూడ మనవాళ్ళు ఎందుకు ఫిర్యాదు చేస్తలేరు? నాకు తెలిసిన కారణం సిగ్గు. మా పెంటల ఒక అవ్వతో మిషన్ తెచ్చినాయన "పడలే, మళ్ళ పెట్టు" అని రెండుసార్లు వేలు పెట్టించుకున్నడు. చేతికి ఒక్కసారి పైసలే ఇచ్చిండు, ఖాతాల రెండుసార్లు పోయినయి. అవ్వ అడుగుదామంటే పక్కవాళ్ళే "సదువు రాకపాయె, ఎవలేం జేస్తరు" అన్నరు. అవ్వ ఊకున్నది.

ఆ మాట తప్పు అని నా అభిప్రాయం. మోసపోయినవాళ్ళకు సదువు వచ్చా రాదా అని చట్టం అడగదు. మోసం చేసినవాడినే నేరస్తుడు అంటది. బాగా సదువుకున్న ఉద్యోగస్తులు కూడ ఫోన్లు నమ్మి లక్షలు పోగొట్టుకుంటున్నరు. వాళ్ళను మనం "వేలిముద్రగాళ్ళు" అంటమా? అనం. మనం వెక్కిరిస్తే ముసలోళ్ళు నోరు మూసుకుంటరు, దొంగకు అదే బలం.

కాబట్టి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మనం మూడు మాటలు చెప్పాలె. వేలు పెట్టినాక రసీదు అడగాలె. ఓ.టి.పి. ఎవరికీ చెప్పొద్దు. పైసలు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలె, ఎందుకంటే దొంగ తీసుకోకముందే తెలిస్తే ఆ పైసలు ఆపవచ్చు. ఫోన్ లేకుంటే దగ్గరి పోలీస్ స్టేషనుకు పోవాలె.

వార్డెన్ మేడమ్ గారికి నా మనవి: 1930 నంబరును మెస్ గోడ మీద పెద్దగా రాయించండి. మమ్ములను చూడ వచ్చిన తల్లిదండ్రులకు చదివి వినిపించే పని మాకు ఇవ్వండి. మా ఇండ్లల్ల మొదటిసారి అక్షరం నేర్చింది మేమే. ఆ అక్షరం పరీక్షలకే కాదు, మా అవ్వల బొటనవేలికి కూడ కావలి ఉండాలె.

– 9వ తరగతి విద్యార్థిని