మిగిలిన మందు ఎవరి బాధ్యత?

ఈ శీర్షికలో సాధారణంగా యంత్రాలను గురించి, వాటి నిర్వహణను గురించి ముచ్చటించుకుంటూ ఉంటాము. ఈసారి విషయం కర్మాగారంలోది కాదు. మనలో ప్రతి ఒక్కరి ఇంటి అలమరలోను ఉండే ఒక చిన్న డబ్బాకు సంబంధించినది.

నా బాల్యం ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో గడిచింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పొట్ట చేత పట్టుకుని వెళ్ళి, అక్కడి వర్క్‌షాపులోను, లోకో షెడ్డులోను పనికి కుదిరిన తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. నేటికీ మథురాకాటి, నింపురా వీధులలో నడిచేవారికి బెంగాలీతో పాటు తెలుగు పలకరింపులు వినబడతాయి. వర్క్‌షాపులో ఉద్యోగ విరమణ చేసిన మా నాన్నగారు ఆ ఊరిని విడిచి రావడానికి ఇష్టపడక, చివరిదాకా అక్కడే ఉన్నారు. ఆయన గతించిన పిమ్మట ఇల్లు సర్దడానికి వెళ్ళిన నాకు, మంచం కింద ఒక పాత బిస్కట్ల డబ్బా కనిపించింది. దాని నిండా మందులే. మధుమేహానికి, రక్తపోటుకు, గుండెకు వాడిన మాత్రలు. సగం వాడి వదిలిన యాంటీబయాటిక్. మూత తీసిన కంటిచుక్కల సీసా. కొన్నింటికి గడువు తీరిపోయింది. మరికొన్నింటికి తీరలేదు గాని, వైద్యులు మందు మార్చినప్పుడు పాతవి అలాగే నిలిచిపోయాయి. పారవేయడానికి ఆయనకు మనసొప్పలేదు. రెండవ ఆలోచన లేకుండా నేను పారవేశాను.

మరునాటి ఉదయం చెత్త తీసుకుపోయే ఒక వృద్ధురాలు గుమ్మం దగ్గర నిలబడి, కొంగుముడి విప్పి నాలుగు స్ట్రిప్పులు చూపించింది. "బాబూ, ఈ బిళ్ళలు మోకాళ్ళ నొప్పులకి పనికొస్తాయా? మంచిగానే ఉన్నాయి గదా అని తీసి ఉంచినాను" అన్నది. అవి రక్తంలోని చక్కెరను తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్రలు. మధుమేహం లేని మనిషి, అందునా ఖాళీ కడుపుతో పనిచేసే ముసలి మనిషి వాటిని మింగితే స్పృహ తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. "వద్దమ్మా, ఇవి నొప్పుల మందులు కావు" అని చెప్పి వాటిని వెనక్కు తీసుకున్నాను. ఆమె అడిగింది కనుక సరిపోయింది, అడగకపోయి ఉంటే? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

వాటిని చేతబట్టుకుని మందుల దుకాణానికి వెళ్ళాను. "ఇంటికి చేరిన సరుకు తిరిగి తీసుకోము" అన్నారు. వారి మాటలో తప్పు పట్టవలసినది కూడా లేదు. తీసుకోవాలని వారికి ఎవరు చెప్పారు?

ముప్పై ఏళ్ళుగా స్టోర్సు పద్ధతులకు అలవాటు పడిన మనకు ఇది వింతగా తోచక మానదు. మన దగ్గర పాత బ్యాటరీ అప్పగించనిదే కొత్త బ్యాటరీ ఇవ్వరు. వాడిన నూనెను పీపాలలో నింపి లెక్క రాస్తారు. ఇచ్చిన సరుకుకు ఇష్యూ వోచరు ఉన్నట్లే, తిరిగి వచ్చిన సరుకుకూ కాగితం ఉంటుంది. అటువంటిది, ఒక మాత్ర ప్రయాణంలో బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ వరకు అన్నీ నమోదై ఉండి, గుమ్మం దాటిన క్షణం నుండి దానికి దిక్కులేకుండా పోతున్నది.

నిజానికి తిరుగు ప్రయాణపు దారి మన దేశంలో లేకపోలేదు. దుకాణంలో గడువు తీరిన సరుకును స్టాకిస్టు ద్వారా కంపెనీకి తిప్పి పంపడం మందుల వ్యాపారంలో వాడుకగా ఉన్నదే. ఆసుపత్రుల విషయంలో 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమావళి ఈ పనిని చట్టబద్ధం చేసింది. పనికిరాని మందులను తయారీదారుకు తిప్పి పంపాలి, లేదా భస్మీకరణం చేయాలి. క్యాన్సరు చికిత్సలో వాడే విషతుల్యమైన మందులనైతే 1200 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో కాల్చాలి. కాబట్టి తయారీదారు నుండి దుకాణపు బల్ల వరకు దారి ఉన్నది. లోపించినది ఇంటి నుండి ఆ బల్ల వరకు గల వంద గజాలే.

అదే సంవత్సరం వచ్చిన ఘన వ్యర్థాల నియమావళి గడువు తీరిన మందులను గృహ ప్రమాదకర వ్యర్థాలలో చేర్చి, విడిగా ఇవ్వాలని గృహస్థులకు చెప్పింది. ఆ ఖర్చు మాత్రం పురపాలక సంఘాల నెత్తిన పడింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు 2011 నిబంధనలు, బ్యాటరీలకు, టైర్లకు 2022 నిబంధనలు తయారీదారునే బాధ్యుణ్ణి చేశాయి. ఉత్పత్తిదారుని విస్తృత బాధ్యత అనే ఈ సూత్రాన్ని 1990లో స్వీడన్‌కు చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ ప్రతిపాదించారు. దాని సారాంశం సులభం. వస్తువు రూపాన్ని, పరిమాణాన్ని, ప్యాకింగును నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో, దాని అంత్యక్రియల ఖర్చు కూడా వారి లెక్కలోనే ఉండాలి. అప్పుడే పది మాత్రలు అవసరమైన చోట పదిహేను మాత్రల స్ట్రిప్పు ఎందుకు అనే ఆలోచన తయారీ స్థాయిలో పుడుతుంది.

ఇది ఆచరణ సాధ్యమేనా అని సందేహించేవారికి ఫ్రాన్సు సమాధానం చెబుతుంది. అక్కడ సైక్లామెడ్ అనే సంస్థ 1993 నుండి మందుల పరిశ్రమ నిధులతో నడుస్తున్నది. ప్రజలు మిగిలిన మందులను దుకాణంలో అప్పగిస్తారు. వాటిని కాల్చి, ఆ వేడిని శక్తిగా వినియోగించుకుంటారు. పోర్చుగల్‌లో 1999లోను, స్పెయిన్‌లో 2001లోను ఇటువంటి వ్యవస్థలు ఏర్పడ్డాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు అలమేడా కౌంటీ 2012లో ఖర్చంతా తయారీదారులే భరించాలని శాసనం చేసింది. మందుల కంపెనీలు న్యాయస్థానానికి వెళ్ళాయి. 2014లో అప్పీలు కోర్టు శాసనాన్ని సమర్థించింది. 2015లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది.

మన దేశంలో కేరళ ఔషధ నియంత్రణ శాఖ 2019లో తిరువనంతపురంలో సేకరణ కార్యక్రమాన్ని, 2025లో కోళికోడ్‌లో దాని కొత్త రూపాన్ని ప్రారంభించింది. అభినందనీయమైన ప్రయత్నమే. అయితే అక్కడ ముందడుగు వేసినది ప్రభుత్వం. తయారీదారుపై చట్టపరమైన భారం ఇంకా పడలేదు.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. నదులలోకి చేరే మందులలో అధిక భాగం రోగుల మలమూత్రాల ద్వారా పోయేదే. కర్మాగారాల వాటా వేరు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. చికిత్స పొందే రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది అధికం. డబ్బాలోని మందులను సేకరించినంత మాత్రాన ఈ సమస్యలేవీ తీరవు. కాని మందు మన కంటికి కనబడకుండా పోయినంత మాత్రాన నశించిపోదని ఇవి నేర్పుతున్నాయి. మరొక పాఠం రాబందులది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్, వాటి కళేబరాల ద్వారా రాబందుల ప్రాణాలు తీస్తున్నదని 2004లో తేలింది. 2006లో మన ప్రభుత్వం పశువైద్యంలో దానిని నిషేధించే సరికి అవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి.

"మిగిలిన మందులను పేదలకు ఇవ్వవచ్చు కదా" అని కొందరు మిత్రులు అంటారు. ఉద్దేశం మంచిదే. కాని మన ఇంటి ఎండలోను, తేమలోను అవి ఎలా ఉన్నాయో ఎవరు హామీ ఇవ్వగలరు? ఫ్రాన్సులో కూడా సేకరించిన మందులను పేద దేశాలకు పంపే పద్ధతి ఉండేది; 2008 చివరితో దానిని నిలిపివేశారు. మనకు పనికిరానిది పేదవానికి పనికివస్తుందనుకోవడం దానం కాజాలదు. ఆ వృద్ధురాలి కొంగుముడి నాకు నేర్పినది అదే.

చట్టం వచ్చే వరకు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. మన సంస్థ మందులను పెద్ద ఎత్తున కొనుగోలు చేస్తుంది. ఉద్యోగులకు, విశ్రాంత ఉద్యోగులకు, వారి కుటుంబాలకు నెలసరి మందులు మన డిస్పెన్సరీల నుండే అందుతాయి. టెండరులో ఒక్క షరతు చేర్చితే చాలు: సరఫరా చేసినవారు వాడకుండా మిగిలిన మందులను మూడు నెలలకొకసారి తిరిగి తీసుకుని, భస్మీకరణ ధ్రువపత్రం సమర్పించాలి. డిస్పెన్సరీలో తాళం వేసిన పెట్టె, ఒక రిజిస్టరు, ఇద్దరి సంతకాలు ఉండాలి. పాత మందులు కొత్త లేబులుతో బజారుకు చేరకుండా స్ట్రిప్పులను అక్కడికక్కడే కత్తిరించాలి. చట్టం ఇంకా చెప్పని బాధ్యతను కొనుగోలుదారుగా ఒప్పందం ద్వారా మనమే రాబట్టవచ్చు.

అంతవరకు గృహిణులకు, పెద్దలకు కొన్ని మనవులు. అవసరమైనన్ని మాత్రలే తీసుకోండి. యాంటీబయాటిక్‌ను వైద్యులు చెప్పినన్ని రోజులు వాడండి. మందు మారినప్పుడు పాతవాటిని డిస్పెన్సరీలో చూపి సలహా అడగండి. పురపాలక సంఘం ప్రమాదకర వ్యర్థాలను విడిగా తీసుకునే చోట వారికే అప్పగించండి. ఆ వసతి లేనప్పుడు సాధారణ మాత్రలను స్ట్రిప్పు నుండి తీసి, వాడిన టీ పొడిలోనో రంపపు పొట్టులోనో కలిపి, గట్టిగా మూతిగట్టి చెత్తలో వేయండి. పెరట్లో కాల్చవద్దు. మార్ఫిన్, ఫెంటానిల్ వంటి కొన్ని మందులను మాత్రం మరుగుదొడ్డిలో వేసి నీరు పోయాలని కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ 2025 మే నెలలో విడుదల చేసిన మార్గదర్శకాలు 17 మందుల జాబితా ఇచ్చాయి. ఇతర మందులకు ఆ పద్ధతి వర్తించదు. క్యాన్సరు మందులను ఆసుపత్రికే తిప్పి ఇవ్వండి. ఇన్సులిన్ సూదులను గట్టి డబ్బాలో వేయకుండా పారవేయకండి. చెత్త తీసే చేతులు మన వంటి మనుషులవే.

నాన్నగారి డబ్బాను నేను ఇంకా పారవేయలేదు. ఖాళీ చేసి నా బల్లపై ఉంచుకున్నాను. దాని మీద టెండరు షరతు ముసాయిదా రాసిన కాగితం ఉన్నది. వచ్చే నెల దానిని వైద్య, కొనుగోలు విభాగాల వారికి అందజేయదలచాను. మీ ఇంటి డబ్బాలో ఏమున్నదో ఈ ఆదివారం ఒకసారి చూసి, వివరాలు సంపాదకులకు రాసి పంపవలసిందిగా కోరుతున్నాను. ఆ లెక్క చేతిలో ఉంటే నా కాగితానికి బలం చేకూరుతుంది.