నేల టిక్కెట్టోడిని ఇంటికి చేర్చేదెవరు?

2024 ఆగస్టులో కుమారదేవం గట్టు మీద సినిమా చెట్టు కూలిపోయింది. నూటేభై ఏళ్ల నిద్రగన్నేరు. అయినవాళ్లు పోయినట్టు జనం వెళ్లి చూసొచ్చారు. మా గోదారోళ్లకి సినిమా అంటే అంత ప్రాణం.

ఐదు నెలలు తిరక్కుండానే, 2025 జనవరి 4న, రాజమండ్రిలో ‘గేమ్ ఛేంజర్’ ఫంక్షన్ చూసి బైక్ మీద ఇంటికెళ్తున్న ఇద్దరు కాకినాడ కుర్రోళ్లు వడిసలేరు దగ్గర యాక్సిడెంట్లో చచ్చిపోయారు. అంతకి సరిగ్గా నెల ముందే హైదరాబాదు సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఓ తల్లి పోయింది. పరిహారాలు ప్రకటించారు. రోడ్డు పాపం మీదంటే మీదని పార్టీలు తిట్టుకున్నాయి. చదువుకున్నోళ్లు మాత్రం “సినిమా పిచ్చోళ్లు” అని ఒక్క మాటతో తేల్చేశారు.

ఆ పిచ్చి ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఆనకట్ట నీళ్లతో డెల్టాలో వరి పండింది, చేతిలో డబ్బాడింది. ఆ డబ్బే హాళ్లయింది, సినిమాలయింది. కాకినాడలో సి.పుల్లయ్య మూకీల రోజుల్లోనే కెమెరా పట్టాడు. ఆయన తీసిన 1934 ‘లవకుశ’కి జనం బళ్లు కట్టుకుని వెళ్లారు. 1936లో రాజమండ్రిలోనే దుర్గా సినీటోన్ లేచింది.

హాల్లో నేల, బెంచీ, కుర్చీ అని తేడా ఉండేది, నిజమే. కానీ గుడి మెట్లెక్కనివ్వని జనం కూడా డబ్బులిచ్చి అదే కప్పు కింద కూర్చున్నారు. ఇది చిన్న సంగతి కాదండి. రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు 1964లో ‘మూగమనసులు’ తీస్తే, అందులో హీరో పడవ నడిపేవాడు. నేల టిక్కెట్టోడు తెర మీద తనని తాను చూసుకున్నాడు.

ప్యారిస్‌లో సినీ క్లబ్బులు పెట్టుకున్నారు. 1947లో సత్యజిత్ రే, ఆయన స్నేహితులు కలకత్తాలో ఫిలిం సొసైటీ పెట్టారు. మాకు టీ బడ్డీయే సొసైటీ, మంగలి షాపే పత్రిక. నాలాంటోడు కూడబలుక్కుని చదవడం నేర్చింది గేటు దగ్గరమ్మే పాటల పుస్తకంలోనే. సీను బాగోపోతే ఎందుకు బాగోలేదో రిక్షా తొక్కే అన్న విడమరిచి చెప్పేవాడు.

తర్వాత సంఘాలొచ్చాయి. “సినిమా ఎలా ఉంది?” అనే ప్రశ్న పోయి “ఎవడి సినిమా?” అనేదొచ్చింది. ఫ్లెక్సీ మీద హీరో పక్కన కులం కూర్చుంది. చూసేవాడు కాస్తా జెండా మోసేవాడయ్యాడు. వాడి ప్రేమకి రేటు కూడా కట్టారు. ‘గేమ్ ఛేంజర్’ బెనిఫిట్ షోకి మన ప్రభుత్వం ఒప్పుకున్న టిక్కెట్టు 600 రూపాయలు. అప్పటికి ఉపాధి హామీ కూలి రోజుకి 300. రెండు రోజుల ఒళ్లునొప్పులు ఒక్క ఆటకి సరి.

అందుకే నేను అభిమానిని తిట్టను. వాడి ప్రేమ దొంగది కాదు, దాని మీద జరిగే యాపారమే దొంగది. లక్షల మందిని పిలిచి ఫంక్షన్ చేసేవాళ్లు వాళ్లు ఇల్లు చేరేదాకా పూచీ పడాలి. రాత్రి బస్సులు వెయ్యాలి, లేదా పగలే ముగించాలి. బెనిఫిట్ షో దోపిడీకి జీవోలు ఆపాలి. ప్రతి శాఖా గ్రంథాలయంలో నెలకో మంచి సినిమా వేసి, కుర్రోళ్లని మాట్లాడనివ్వాలి. తెర, ప్రొజెక్టరు పెద్ద ఖర్చేం కాదు.

చెట్టు కూలితే బాధపడ్డాం, మంచిదే. ఆ చెట్టుని తెర మీద చూసి చప్పట్లు కొట్టినోడి బిడ్డ రోడ్డు మీద కూలిపోతే కూడా అంత బాధా పడాలి కదా.